గొట్టాలావిడ

ఆ ఆసుపత్రిలో ఆవిడంటే ఎవరికీ పడేది కాదు. ఆవిడకీ ఎవరూ నచ్చేవారు కాదు. కాబట్టి ఎవరూ ఎవరి గురించీ బాధపడేవారు కాదు.

నోట్లోంచి సన్నటి గొట్టం దించి, దాని కొసనున్న కెమెరాతో కడుపూ పేగులూ చూసే డాక్టరు ఆవిడ. రెండో అంతస్తులో చిట్టచివరి గది ఆవిడది. కిటికీలకి మందపాటి నల్ల తెరలు, ఎడమ పక్కకి తిరిగి పడుకునే ఎత్తు మంచం, తలవైపు టీవీ లాంటి తెర, గాజు తలుపుల బీరువాలో వేలాడే నల్లటి గొట్టాలు, వాటిని కడిగే మందు ఘాటు. ఆ గది ముందుకొచ్చేసరికి స్ట్రెచరు తోసేవాళ్ళు కూడా కబుర్లు ఆపేసేవారు. అది గౌరవమని ఎవరూ పొరబడలేదు.

రోగులతోనూ అదే వరస.

"రాత్రి నుంచి ఏమీ తినలేదుగా?" అనడిగేది.

"మంచినీళ్ళు కూడా ముట్టలేదమ్మా" అనేవాడు మంచం మీది మనిషి.

గొట్టం దిగేది. తెర మీద ఎర్రటి ముక్క ఒకటి తేలుతూ కనిపించేది.

"మరి ఈ టమాటా తొక్క ఎవరిది? నాదా?"

నోట్లో గొట్టం ఉన్నవాడు ఏం చెప్తాడు? గుడ్లప్పగించి చూసేవాడు. ఆవిడ గొట్టం లాగేసి, "రేపు ఖాళీ కడుపుతో రండి. వచ్చేటప్పుడు అబద్ధాలు ఇంట్లోనే దింపి రండి" అని పంపించేసేది. బయట వరండాలో కూర్చున్నవాళ్ళు అది విని, ముందురోజు ఏం తిన్నామో గుర్తు తెచ్చుకుని ఒకరిద్దరు మెల్లగా జారుకునేవారు.

అయినా ఆ వరండా ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు. పక్క ఊళ్ళ డాక్టర్లు కూడా, ఆవిణ్ణి తిట్టుకుంటూనే, తమవాళ్ళని ఆవిడ దగ్గరికే పంపేవారు. మిగతావాళ్ళు చూసి ఏమీ లేదన్నచోట ఆవిడకి ఏదో ఒకటి కనిపించేది. ఆవిడ ఏమీ లేదందంటే ఇక నిశ్చింతగా నిద్రపోవచ్చు.

ఆ చూపు ఆవిడకి ఊరికే రాలేదు. పని నేర్పిన గురువు ఆవిణ్ణి మించిన మొండిఘటం. మొదటిరోజే ఆవిడ చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. గొట్టానికి పైన, ఎడమ చేత్తో పట్టుకునే పిడి ఉంటుంది. దాని మీద రెండు చక్రాలు. ఒకటి తిప్పితే లోపలి కొస పైకీ కిందికీ వంగుతుంది, ఇంకొకటి తిప్పితే పక్కలకి. రెండింటినీ ఎడమ బొటనవేలితోనే తిప్పాలి, ఎందుకంటే కుడి చెయ్యి గొట్టాన్ని తోస్తూ, మెలితిప్పుతూ ఉంటుంది. ఆ పిడులు చేసినవాళ్ళు పెద్ద పెద్ద చేతుల మగాళ్ళని చూసే చేశారు.

"ఇది చిన్నపిల్ల చెయ్యి. రెండో చక్రం నీకు అందదు. పోయి పిల్లల డాక్టరువి అవ్వు, నా టైము తినకు" అన్నాడాయన.

 లైటు చచ్చి మూలన పడేసిన పాత గొట్టం ఒకటి ఆవిడ అడిగి ఇంటికి తీసుకెళ్ళింది. అట్టపెట్టెకి పక్కన ఒక కన్నం, వెలుతురు కోసం పైన కిటికీ కోసి, లోపల అట్టముక్కలతో వంకర దారులు కట్టింది. చొక్కా బొత్తాలు లోపల పోసి, గొట్టం కొసన పెట్టే, పట్టకారు లాంటి చిన్న చిమటాతో ఒక్కొక్కటే పట్టుకుని బయటికి లాగేది. భోజనాల బల్ల మీద ఇదే పని, నెలల తరబడి.

"ఈ వయసులో నీ ఈడువాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని తిరుగుతుంటే నువ్వు అట్టపెట్టెలోంచి బొత్తాలు ఏరుకుంటున్నావేంటే?" అని వాళ్ళమ్మ నెత్తి కొట్టుకునేది.

బొటనవేలు వాచేది. వాపు తగ్గకముందే మళ్ళీ మొదలెట్టేది. చివరికి రెండో చక్రం కూడా అందింది. మళ్ళీ గురువు దగ్గరికి వెళ్తే ఆయన మెచ్చుకోలేదు సరికదా, కొత్త వంక పట్టుకున్నాడు. లోపలికి వెళ్ళడం ఎవరైనా చేస్తారు, చూడాల్సిందంతా బయటికి వచ్చేటప్పుడే చూడాలని ఆయన పట్టు. ఆవిడ కాస్త గబుక్కున గొట్టం వెనక్కి లాగితే చాలు, చిమటాతో వేలి కణుపుల మీద ఒక్కటిచ్చేవాడు. "ఏంటా తొందర? బస్సుందా?"

అలా ఏళ్ళు గడిచాక, రిటైరయ్యే ముందు ఒకరోజు, మొహం పక్కకి తిప్పుకుని చెప్పాడు: "మా ఆవిడకి మింగుడు పడటంలేదు. రేపు చూడాలి. నువ్వు చెయ్యి, నేను బయట కూర్చుంటాను." ఆయన నోటి నుంచి వచ్చిన మెచ్చుకోలు అదొక్కటే. ఇంటికెళ్ళాక ఆ మాట ఎవరికి చెప్పాలో ఆవిడకి తెలియలేదు.

ఇక మరిది సంగతి.

ఆవిడ చెల్లెలి మొగుడు అదే ఆసుపత్రిలో సర్జను. అతను ఆవిడతో పాటే చదివాడు. అప్పట్లో ఇద్దరూ "నువ్వు" అంటే "నువ్వు" అనుకునే తోటి విద్యార్థులే. చెల్లెలు అతన్ని పెళ్ళి చేసుకుంటానన్నప్పుడు ఆవిడ, "లోకంలో మగాళ్ళు కరువయ్యారా? వాడికి వాడంటే ఎంత ఇష్టమో, నువ్వు జన్మంతా ప్రయత్నించినా వాణ్ణి అంత ఇష్టపడలేవు" అంది. చెల్లెలు ఆ మాటని ఒక్క అక్షరం పొల్లుపోకుండా పెళ్ళికొడుక్కి చేరవేసింది. పెళ్ళినాటి నుంచి అతను "వదినగారూ, మీరు" అనడం మొదలుపెట్టాడు. ఆవిడ "మరిదిగారూ, మీరు" అంది. మర్యాద పెరిగినకొద్దీ పగ కూడా పెరిగింది.

అదలా ఇంటి గొడవగానే ఉండిపోయేదేమో. కానీ పనిలోనూ ఇద్దరూ ఒకే కడుపు మీద పడ్డారు. ఒకప్పుడు కత్తితో కోసి చేసిన పనులు కొన్ని గొట్టంతోనే అయిపోవడం మొదలైంది. ఒకసారి కళ్ళూ ఒళ్ళూ పచ్చబడిపోయిన లారీ డ్రైవరొకతను వచ్చాడు. కాలేయం నుంచి పేగులోకి పసరు దిగే సన్నటి దారిలో రాయి అడ్డుపడింది. మర్నాడు పొద్దున్నే కొయ్యడానికి మరిది అంతా సిద్ధం చేసుకున్నాడు. ఈలోగా వార్డు డాక్టరు ఆవిణ్ణి పిలిచాడు. ఆవిడ నోటి దారినే వెళ్ళి, ఆ దారి మూతిని కాస్త కోసి, చిన్న బుడగతో రాయిని పేగులోకి లాగేసింది. మర్నాడు మరిది వార్డుకొస్తే మంచం ఖాళీ.

నేరుగా రెండో అంతస్తుకి వచ్చాడు. "వదినగారూ, నా పేషెంటెక్కడ?"

"ఇంటికెళ్ళాడు."

"రాయి?"

"అదీ వెళ్ళిపోతుంది. దాని దారి వేరు."

నర్సులు తలుపు వెనక్కి వెళ్ళి నవ్వుకున్నారు. మరిది చెవులు ఎర్రబడ్డాయి. "గొట్టాలు తోముకునేవాళ్ళు కూడా డాక్టర్లైపోయారు, మన ఖర్మ" అని విసవిసా వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రానికల్లా ఆసుపత్రి అంతా ఆవిడ పేరు గొట్టాలావిడ అయిపోయింది.

అతనికీ ఒక రోజు వచ్చింది. ఒక పెద్దాయన పేగులో గడ్డ తీస్తుండగా ఆవిడ చేతిలోనే పేగుకి చిల్లు పడింది. కడుపు కోసి కుట్టింది మరిదే. బాగా కుట్టాడు, ఆవిడే ఒప్పుకుంది. కానీ ఆ తర్వాత చాలాకాలం, లిఫ్టులో ఆవిడ కనిపించినప్పుడల్లా, "వదినగారూ, ఇవాళ ఏమైనా కుట్టుపని ఉందా?" అని అందరి ముందూ అడిగేవాడు. ఆవిడ మెట్లెక్కడం అలవాటు చేసుకుంది.

ఇలా ఉండగా మరిది తల్లి, అంటే చెల్లెలి అత్తగారు, ఒకరోజు ఒంటరిగా ఆ వరండాలోకొచ్చి కూర్చుంది. దర్జీ షాపు పెట్టి, దాని మీదే కొడుకుని డాక్టరు చదివించిన మనిషి. డెబ్భై దాటినా నోరు మాత్రం కత్తెరే. ఆవిణ్ణి చూసి గొట్టాలావిడ ఆశ్చర్యపోయింది.

"ఏంటత్తయ్యా, ఇక్కడున్నారు?"

"రెండు ముద్దలు తింటే చాలు, పెళ్ళి భోజనం చేసినట్టు కడుపు బిగిసిపోతోంది. మెట్లెక్కితే ఆయాసం. మీ మరిదికి చెప్తే మాత్రలు మార్చి మార్చి ఇస్తున్నాడు. చిన్నప్పుడు వాడు ఏడిస్తే నేనూ ఇలాగే బిస్కట్టిచ్చి నోరు మూయించేదాన్ని, నాకు తెలీదా? వాడికి చెప్పకుండా వచ్చాను. నువ్వు చూడు." ఊపిరి తీసుకుని కలిపింది: "నువ్వంటే నాకేం ఇష్టం లేదు. నా కొడుకుని అన్న మాటలు నేను మర్చిపోలేదు. అది తెలుసుగా?"

"తెలుసు. ఎడమ పక్కకి తిరిగి పడుకోండి."

గొట్టం దిగింది.  గొట్టాలావిడ అన్నవాహిక చూసింది, కడుపు నిండా గాలి నింపి మడతలన్నీ విప్పి చూసింది. కడుపు చివర, పేగులోకి తిరిగే మలుపు దగ్గర, ఒకచోట లోపలి పొర రంగు కాస్త తేడాగా ఉంది. గాయంలా లేదు, గడ్డలా లేదు. కోటు బొత్తామంత మేర కాస్త లోపలికి నొక్కినట్టుంది, అంతే. చాలామంది దాన్ని దాటి వెళ్ళిపోయేవారు. నీలిమందు చల్లితే అంచులు పటం గీసినట్టు తేలాయి. చిమటాతో చిన్న ముక్క తీసి ల్యాబుకి పంపింది.

కాన్సరే. తొలి దశ. స్కానింగులో ఇంకెక్కడా ఏమీ లేదు.

ఆ తర్వాత జరిగింది చర్చ అనడానికి లేదు. ఆసుపత్రి పెద్ద డాక్టరు గదిలో ఆవిడా మరిదీ ఎదురెదురుగా కూర్చున్నారు.

"పైపొరలోనే ఉంది. గొట్టంతోనే చుట్టూ గీసి, కిందనుంచి ఒలిచి తీసేస్తాను. కడుపు కడుపులాగే ఉంటుంది" అంది ఆవిడ.

"కాన్సర్ని ఒలవడమేంటి వదినగారూ, ఉల్లిపాయా? లోతుకి దిగి ఉంటే? కడుపులో కింది సగం తీసెయ్యాలి. పుస్తకం అదే చెప్తోంది."

"మీ పుస్తకం పాతబడింది."

"మా అమ్మా పాతదే. ప్రయోగాలకి ఇంకెవరినైనా చూసుకోండి."

"మీ అమ్మకి ఆయాసమొస్తుంటే అరుగుదల మాత్రలిచ్చిన ప్రయోగం ఎవరిది?"

మరిది కుర్చీ వెనక్కి పడేలా లేచాడు. పెద్ద డాక్టరు ఇద్దరికీ మధ్య చెయ్యి అడ్డంపెట్టి, నిర్ణయం రోగిదేనన్నాడు. రోగి అప్పటికే నిర్ణయించుకుంది.

"నా కడుపున పుట్టి నా కడుపే కోస్తానంటాడేంటి వీడు? లోపలున్నప్పుడు తన్నింది చాల్లేదా?" అంది ముసలావిడ. "ఆ పిల్లనే చెయ్యమనండి. దానికి నేనంటే ప్రేమ లేదు, చెయ్యి వణకదు."

ఆ సాయంత్రం చెల్లెలు వచ్చింది. గొట్టాల గదిలో నిలబడే మాట్లాడింది, కూర్చోమంటే కూర్చోలేదు.

"అక్కా, ఒకటడుగుతాను. వేరే ఎవరి అత్తగారైనా అయ్యుంటే నువ్వు ఇంతగా పట్టుబట్టేదానివా?"

"ఎవరైనా ఒకటే నాకు."

"అబద్ధాలు ఇంట్లోనే దింపి రమ్మని నీ పేషెంట్లకి చెప్తావటగా? నువ్వు గెలవడానికి మా అత్తగారి కడుపే దొరికిందా?"

తలుపు దబాలున వేసుకుని వెళ్ళిపోయింది. గొట్టాలావిడ బీరువాలో గొట్టాలు సర్దడం మొదలుపెట్టింది. వైద్యం ప్రకారం తను చెప్పింది సరైనదే, అందులో అనుమానం లేదు. కానీ మరిది ఎదురుగా కూర్చుని కాదంటుంటే ఆ "పైపొరలోనే ఉంది" అన్న మాట నోట్లోంచి ఇంకాస్త గట్టిగా వచ్చిందా? అది మాత్రం తేలలేదు. తేలకుండానే పనికి దిగింది.

అనుకున్న రోజున మత్తు డాక్టరు ముసలావిణ్ణి నిద్రపుచ్చాడు. మరిది వచ్చి గొట్టాలావిడ వెనక గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కింద అంతస్తులో ఆపరేషన్ గది సిద్ధం చేయించే వచ్చాడు. ఆ సంగతి అందరికీ వినపడేలా చెప్పాడు కూడా.

మచ్చ చుట్టూ ఆవిడ ముందు చిన్న చిన్న చుక్కలు కాల్చింది. సూదితో దాని కిందకి మందు ఎక్కించింది. మచ్చ బొబ్బలా పైకి లేచింది. అది అంత చక్కగా లేవడం చూసి ఆవిడ మనసులో సంతోషించింది. లోతుకి వేళ్ళు దిగితే సాధారణంగా అలా లేవదు. గొట్టం కొసలోంచి వెంట్రుకంత కత్తి బయటికి తీసి, చుక్కల బయటి నుంచి చుట్టూ కోసింది. తర్వాత ఆ తొక్క కిందకి దూరి, పోగు పోగు తెంపుతూ ముందుకెళ్ళింది. పైకి కోస్తే మచ్చ తెగుతుంది, కిందికి కోస్తే కడుపుకి చిల్లు. ఆ మధ్యనున్న సందు కాగితమంత.

సగం దాటాక తెర మొత్తం ఎర్రబడిపోయింది. నెత్తురు గొట్టం కొసనున్న కెమెరాని కప్పేసింది.

"చిన్నది కాదది. థియేటరు సిద్ధంగా ఉంది" అన్నాడు మరిది.

"మీ ఊపిరి నా మెడ మీద పడుతోంది. వెనక్కి జరగండి."

"మా అమ్మ ఆవిడ!"

"అందుకే జరగమంటున్నాను. సిస్టర్, నీళ్ళు."

నీళ్ళు కొట్టింది, నెత్తురు పీల్చింది, మళ్ళీ కొట్టింది. ఎర్రటి మడుగు మధ్యలో ఒక్క క్షణం సన్నటి ధార చిమ్మడం కనిపించింది. చిమటాతో ఆ నాళాన్ని పట్టుకుని కాల్చింది. మడుగు నిలిచిపోయింది. బొటనవేలి నొప్పి భుజం దాకా పాకింది.  మళ్ళీ పోగు తర్వాత పోగు. చివరికి ఆ తొక్క మొత్తం ఒక్క ముక్కగా ఊడొచ్చింది. నర్సు దాన్ని థర్మోకోల్ ముక్క మీద పరిచి గుండుసూదులతో గుచ్చింది.

మరిది వంగి చూశాడు. "ఇంతేనా?" అని వెళ్ళిపోయాడు. మెట్ల దగ్గర గోడ పట్టుకుని కాసేపు నిలబడ్డాడని తర్వాత ఎవరో చెప్పారు. ఆవిడ నమ్మలేదు.

ముసలావిడ లేచాక మొదటి మాట, "గొంతులో కంచె నాటినట్టుంది, ఇదేనా నీ పనితనం?"

వారం తిరిగేసరికి ల్యాబు డాక్టరు ఫోన్ చేశాడు. "చుట్టూ అంచులు శుభ్రంగా ఉన్నాయి మేడం. కానీ లోతు... కింది పొరలోకి దిగింది. మీరు తీసినంతలో అడుగు అంచు కూడా శుభ్రమే, కానీ ఒక సన్నటి నాళంలో కాన్సరు కణాలున్నాయి."

"సరిగ్గా చూశారా?"

"చూశాను మేడం."

"మళ్ళీ చూడండి."

ఫోన్ పెట్టేసి తనే ల్యాబుకి దిగింది. అతన్ని లేపి, అతని కుర్చీలో కూర్చుని, మైక్రోస్కోపులోంచి తనే చూసింది. అతను ముక్కకి వేసిన రంగులు బాగాలేవంది, కోత వంకరగా పోయిందంది. అతను స్లైడు మార్చి మళ్ళీ పెట్టాడు. ఆఖరికి ఆవిడకీ కనిపించింది. కణాలు ఆ దారి పట్టాయంటే కడుపు చుట్టూ ఉండే లింఫు గ్రంథుల్లోకి చేరి ఉండే అవకాశం ఉంది. అక్కడికి ఏ గొట్టమూ వెళ్ళదు. కొయ్యాల్సిందే.

"పైపొరలోనే ఉంది" అని పెద్ద డాక్టరు ముందు బల్ల గుద్ది చెప్పింది తనే. మచ్చ బొబ్బలా లేచినప్పుడు మనసులో చంకలు గుద్దుకున్నదీ తనే.

ముందు ముసలావిడకి చెప్పింది, దాచకుండా. "నేను అనుకున్నదాని కంటే లోతుగా ఉందత్తయ్యా. నా అంచనా తప్పింది. కడుపు కొంత తీసెయ్యాలి."

ముసలావిడ చీర అంచు వేళ్ళతో తడిమి చూసింది. "అయితే అప్పుడు ఒలిచి, ఇప్పుడు కోస్తారా? గుడ్డ పాడుచేసిన దర్జీకి కూడా రెండో గుడ్డ ఇవ్వరమ్మాయ్. నాకున్నది ఒకటే." తర్వాత అంది: "సరే, వాడు కొయ్యనీ. నువ్వు మాత్రం అక్కడే ఉండు. వాడు కోపంలో బెత్తెడు ఎక్కువ కోసేస్తాడు."

ఆ తర్వాత ఆవిడ మరిది గదికి వెళ్ళింది. ఏళ్ళ తర్వాత ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. రిపోర్టు బల్ల మీద పెట్టింది. అతను చదివాడు. గెలిచిన మొహం పెడతాడనుకుంది. మొహం పాలిపోయింది.

"నేను ముందే చెప్పాను" అన్నాడు.

"చెప్పారు. చెప్పలేదని నేననలేదు."

"చెప్పి ఏం లాభం? మీరు వినే రకమా?"

"మీరు ఎప్పుడైనా అరవకుండా చెప్పారా?" అంది ఆవిడ. "ఇప్పుడు కొయ్యాలి. నేనూ ఉంటాను. లోపలి నుంచి గొట్టంతో ఆ చోటు చూపిస్తాను. ఎంత అవసరమో అంతే తియ్యొచ్చు."

"నా థియేటర్లో మీ గొట్టమా?"

"మీ అమ్మగారి షరతు. వెళ్ళి ఆవిడతో పోట్లాడండి."

అతను వెళ్ళి పోట్లాడాడు. ఓడిపోయి వచ్చాడు.

కొడుకు తల్లిని కొయ్యకూడదని పెద్ద డాక్టరు పట్టుబట్టాడు. కాబట్టి మరిది అసిస్టెంటు కత్తి పట్టుకోవాలని, మరిది పక్కన ఊరికే నిలబడాలని ఒప్పందం. ఆ ఒప్పందం కడుపు తెరిచేదాకా నిలిచింది. అసిస్టెంటు ఒకచోట కాస్త తటపటాయించాడు. మరుక్షణం కత్తి మరిది చేతిలో ఉంది. ఎవరూ ఏమీ అనలేదు, ఎందుకంటే ఆ చెయ్యి నిజంగానే వణకలేదు.

గొట్టాలావిడ తలవైపు నిలబడి నోట్లోంచి గొట్టం దించింది. తను ఒలిచిన చోటు సగం మాని, తెల్లటి పొర కట్టింది. దాని మీదకి లైటు తిప్పింది. పెద్ద లైట్లు ఆర్పించారు. తెరిచిన కడుపులో, జీర్ణాశయం గోడలోంచి, ఎర్రటి వెలుగు ఒకటి బయటికి కనిపించింది.

మరిది దాని మీద వేలు పెట్టాడు. "ఇక్కడేనా?"

"అదే. పక్కకి కాస్త... ఆఁ, అక్కడ."

తెర మీద అతని వేలు నొక్కిన చోటు లోపలికి పొంగింది. ఆ ఒక్క నిమిషం ఇద్దరూ తిట్టుకోకుండా పనిచేశారు. తర్వాత అతను గీత పెట్టబోయాడు.

"అంత పైకి ఎందుకు?" అంది ఆవిడ.

"భద్రం కోసం."

"భద్రం కాదు, భయం. రెండు వేళ్ళు కిందకి దించి కొయ్యండి, సరిపోతుంది."

"మీ అంచనా సంగతి ఒకసారి చూశాం."

"లోతు అంచనా తప్పింది. అంచు అంచనా తప్పలేదు. రిపోర్టు చదవడం వచ్చుగా మీకు?"

"నోరు మూసుకుని లైటు పట్టుకోండి!"

"చెయ్యి దింపి కొయ్యండి!"

మత్తు డాక్టరు అడ్డంగా కట్టిన గుడ్డ వెనక నుంచి తల ఎత్తాడు. "ఆవిడకి మత్తిచ్చాను కాబట్టి సరిపోయింది. లేకపోతే ఈపాటికి లేచి ఇద్దరికీ చెరొకటి ఇచ్చేది."

మరిది ముక్కులోంచి బుస్సుమన్నాడు. గీతని ఒకటిన్నర వేలు కిందకి దింపాడు. ఆ సగం వేలు అతని పరువు. ఆవిడ పళ్ళు నూరుకుంటూ లైటు పట్టుకుంది.

కోసి తీసిన భాగం, చుట్టూ ఏరిన గ్రంథులు ల్యాబుకి వెళ్ళాయి. ఫలితం వచ్చింది. దేంట్లోనూ ఏమీ లేదు. కాన్సరు ఆనవాలే లేదు.

ఆ కాగితం పట్టుకుని ఇద్దరూ వరండాలో ఒకరికొకరు ఎదురుపడ్డారు.

"చూశారా? నేను ముందే మొత్తం తీసేశాను" అంది గొట్టాలావిడ. "మీరు కోసింది ఖాళీ కడుపు."

"చూశారా? అంతా శుభ్రంగా తీశాం కాబట్టే మా అమ్మకి ఇక భయం లేదు. లేదని కొయ్యకుండానే ఎలా తెలిసేది?"

ఇద్దరూ నిజమే చెప్పారు. అందుకే ఆ గొడవ ఇప్పటికీ తెగలేదు. ఆసుపత్రి మీటింగుల్లో ఎవరైనా కొత్త డాక్టరు అమాయకంగా ఆ కేసు ఎత్తితే, మిగతావాళ్ళు కుర్చీలు వెనక్కి జరుపుకుంటారు.

చెల్లెలు అక్కతో చాలాకాలం మాట్లాడలేదు. తర్వాత మాట్లాడటం మొదలుపెట్టింది కానీ, అత్తగారి తిండి గురించి తప్ప ఇంకేమీ మాట్లాడదు. "ఇవాళ కాస్త తినింది. వాంతి లేదు." ఫోన్ పెట్టేస్తుంది. గొట్టాలావిడ ఆ మాత్రానికే ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చుంటుంది. ఆ సంగతి ఎవరైనా అంటే మీద పడి కరుస్తుంది.

ముసలావిడ ఇప్పుడు పిట్టలా కొంచెం కొంచెం తింటుంది. తిన్న ప్రతిసారీ కొడుకుని ఒక మాట, గొట్టాలావిణ్ణి ఒక మాట అనుకుంటుంది, ఎవరికీ తక్కువ కాకుండా. ఏడాదికోసారి పరీక్షకి మాత్రం రెండో అంతస్తుకే వస్తుంది. కొడుకు తోడొస్తానంటే వద్దంటుంది.

మొన్నామధ్య వచ్చినప్పుడు గొట్టాలావిడ ఎప్పటికంటే ఎక్కువసేపు చూసింది. కుట్టు వేసిన చోటు, మిగిలిన కడుపు, పేగు మొదలు, మళ్ళీ కుట్టు వేసిన చోటు. నర్సు గడియారం చూసి, మళ్ళీ చూడకుండా ఊరుకుంది. చివరికి గొట్టం బయటికి తీసింది.

ముసలావిడ మూతి తుడుచుకుని లేచి కూర్చుంది. "ఏమైంది? ఉందా?"

"ఏమీ లేదు. శుభ్రంగా ఉంది."

"నీ మొహం చూస్తే అలా లేదే."

"నా మొహం ఎప్పుడూ ఇంతే."

"అదీ నిజమే" అంది ముసలావిడ. చెప్పుల కోసం కాలితో వెతికింది. గొట్టాలావిడ వంగి చెప్పుల్ని ఆవిడ కాళ్ళ దగ్గరికి జరిపింది. ముసలావిడ అది చూసింది. గుమ్మం దగ్గర ఆగి, వరండాలో కూర్చున్నవాళ్ళందరికీ వినపడేలా అంది: "చెయ్యి మంచిదే. నోటికే ఎవరైనా ఆపరేషను చెయ్యాలి."

లోపలి నుంచి కేక వచ్చింది. "తర్వాత ఎవరు? నిన్న ఏం తిన్నారు?"